రెండు ధ్రువపత్రాల నడుమ ఒక పిల్లి: జార్జ్ హెరిమన్ జీవితం, ‘క్రేజీ క్యాట్’ పునఃపఠనం

అమెరికా పత్రికా చిత్రకారుడు జార్జ్ హెరిమన్ 1944 ఏప్రిల్ 25న లాస్ ఏంజిలస్‌లో మరణించాడు. మరణ ధ్రువపత్రం ఆయనను శ్వేతజాతీయుడిగా నమోదు చేసింది. తండ్రి పారిస్‌లోను, తల్లి ఆల్సేస్-లొరేన్‌లోను జన్మించినట్లు కుమార్తె తెలిపింది. 1971లో ఆర్థర్ ఆసా బర్గర్ అనే పరిశోధకుడు ఒక జీవితచరిత్ర కోశానికి వ్యాసం రాస్తూ న్యూ ఆర్లీన్స్ నుంచి హెరిమన్ జనన ధ్రువపత్రం తెప్పించుకున్నాడు. 1880 ఆగస్టు 22న పుట్టిన ఆ శిశువును అది ‘కలర్డ్’గా, అంటే శ్వేతేతరుడిగా పేర్కొంటున్నది. 1880 జనాభా లెక్కల్లో తల్లిదండ్రులు మిశ్రమజాతీయులు. ఈ రెండు కాగితాల నడుమ గడిచిన జీవితంలో మూడు దశాబ్దాలు ‘క్రేజీ క్యాట్’ అనే దినపత్రిక కామిక్ స్ట్రిప్‌కే చెందాయి.

1971 నాటి ఆ పత్రం సాహిత్య చరిత్రకారుడికి ఏ మేరకు సాక్ష్యమవుతుంది? పూర్వ విమర్శకులకు ఈ ప్రశ్నే ఎదురుకాలేదు. 1924లో గిల్బర్ట్ సెల్డిస్ ఈ స్ట్రిప్‌ను అమెరికా కళలో అగ్రశ్రేణికి చేర్చాడు. 1946 సంకలనానికి పీఠిక రాసిన కవి కమింగ్స్ ఇందులో వ్యక్తికీ సమాజానికీ నడుమ నిలిచిన ప్రేమను చూశాడు. 1972లో ఇష్మాయెల్ రీడ్ తన నవలను ‘క్రేజీ క్యాట్’ను సృష్టించిన ఆఫ్రో-అమెరికన్‌గా హెరిమన్‌కు అంకితమిచ్చాడు. ఆపై ప్రతి గడిలోనూ రహస్య సంకేతం వెదికే ధోరణి మొదలైంది. మొదటి పఠనం చరిత్రను వదిలేసింది. రెండవది చరిత్రను తాళంచెవిగా మార్చి, బొమ్మను కేవలం తాళం చేసింది.

హెరిమన్ కుటుంబం న్యూ ఆర్లీన్స్ క్రియోల్ సమాజానికి చెందినది. తండ్రి దర్జీ. 1890లో లూయిసియానా రాష్ట్రం రైలు పెట్టెల్లో జాతి విభజనను చట్టం చేసింది. 1896లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. ఆ చట్టం వచ్చిన కాలంలోనే కుటుంబం కాలిఫోర్నియాకు తరలింది. ఆ తరువాత హెరిమన్ శ్వేతజాతీయుల లోకంలోనే బతికాడు. పత్రికా కార్యాలయంలో సహచరులు ఆయనను ‘గ్రీకు’ అని పిలిచేవారు. ఛాయాచిత్రాల్లో తలపై టోపీ లేకుండా అరుదుగా కనిపిస్తాడు. టోపీకి కారణం ఇదేనని తీర్మానించే తొందర మాత్రం పనికిరాదు.

నిజానికి, రహస్యమని మనం భావించేది ఆయన తొలి బొమ్మల్లో బహిరంగంగానే ఉంది. 1902లో న్యూయార్క్ ‘వరల్డ్’ పత్రికకు గీసిన ‘మ్యూజికల్ మోజ్’లో ఒక నల్లజాతి వాద్యకారుడు ఇతర జాతులవాడిగా వేషం వేసి, బయటపడి తన్నులు తింటాడు. 1910 జూలై 4న రెనోలో నల్లజాతి ముష్టియోధుడు జాక్ జాన్సన్ శ్వేతజాతి యోధుడు జెఫ్రీస్‌ను ఓడించాడు. దేశంలో పలుచోట్ల హింస చెలరేగింది. జాన్సన్ పోరాటాలపై హెరిమన్ కార్టూన్లు గీసినవాడే. మూడు వారాలకు, జూలై 26న, మరో స్ట్రిప్ అడుగుభాగాన ఒక చిన్న ఎలుక నల్లపిల్లి తలకు గురిపెట్టి ఒక వస్తువు విసిరింది. ‘క్రేజీ క్యాట్’కు బీజం అదే. 2016లో జీవితచరిత్ర వెలువరించిన మైకేల్ టిస్సరాండ్ ఈ సామీప్యాన్ని గుర్తించాడు. అది కారణమని రుజువు చేయలేము. యాదృచ్ఛికమని కొట్టివేయనూ లేము.

1913 అక్టోబరు 28న స్వతంత్ర స్ట్రిప్‌గా మొదలైన తరువాత కథ దాదాపు ఒక్కటే. ఇగ్నాట్జ్ అనే ఎలుక క్రేజీపై ఇటుక విసురుతుంది. క్రేజీ దానిని ప్రేమలేఖగా గ్రహిస్తుంది. క్రేజీని ప్రేమించే పోలీసు కుక్క ఆఫీసా పప్ ఎలుకను చెరసాలలో వేస్తుంది. ఇటుక ఒక్కటే, దానికి అర్థాలు మూడు: ద్వేషం, ప్రేమ, నేరం. ఏ ఒక్కరి పఠనమూ మిగతావారిని ఒప్పించదు. ఒక చిహ్నానికి చూపరి అర్థం కట్టే తీరు హెరిమన్‌కు సిద్ధాంతం కాదు, నిత్యానుభవం.

ఈ అనుభవం అన్నిటికన్నా భాషలో స్పష్టం. క్రేజీ మాటలో యిడ్డిష్ యాస, దక్షిణాది పలుకుబడి, న్యూయార్క్ వీధిభాష, స్పానిష్ ముక్కలు కలగాపులగంగా ఉంటాయి. వర్ణక్రమం అడుగడుగునా మారుతుంది. మన ‘కన్యాశుల్కం’ (1892, రెండవ కూర్పు 1909)తో పోల్చితే భేదం తేటపడుతుంది. అక్కడ మాట పాత్ర కులాన్ని, చదువును, ఊరిని ఇట్టే పట్టిస్తుంది. క్రేజీ మాట ఏ ఊరికీ, ఏ జాతికీ పట్టివ్వదు. వ్యవహార భాష ఆచూకీ చెప్పడానికే కాక, ఆచూకీ చెరపడానికీ పనికివస్తుందన్నమాట. మాండలిక ప్రయోగాన్ని కేవలం వాస్తవికతకు గుర్తుగా చూసే మన అలవాటును ఇది కాస్త ఇబ్బంది పెడుతుంది.

క్రేజీని సూచించే సర్వనామం ఒకసారి పుంలింగం, మరొకసారి స్త్రీలింగం. ఈ విషయమై హెరిమన్ దర్శకుడు ఫ్రాంక్ కాప్రాకు ఇచ్చిన వివరణ ప్రకారం క్రేజీ ఒక గంధర్వసత్త్వం వంటిది, దానికి లింగం లేదు. (తెలుగులో పిల్లి ‘అది’ కనుక, ఈ సందిగ్ధం అనువాదంలో దానంతట అదే మాయమవుతుంది.) మరొక ఘట్టంలో క్రేజీ సౌందర్యశాలకు వెళ్ళి తెల్లగా మారి వస్తుంది, గుర్తించలేని ఇగ్నాట్జ్ మోహంలో పడుతుంది. జనన పత్రం తెలియనివారికి అది వేషాల హాస్యం. తెలిసినవారికీ హాస్యమే, కానీ నవ్వు గొంతులో ఆగుతుంది.

పత్రికాధిపతి హర్‌స్ట్ అభిమానమే ఈ స్ట్రిప్‌ను నిలిపింది. పాఠకాదరణ పరిమితం, మేధావుల మెప్పు అపారం. రంగస్థలమైన కొకొనీనో అరిజోనాలో నిజంగా ఉన్న జిల్లా. హెరిమన్ తరచు వెళ్ళిన ఆ ఎడారి, నవాహో జాతి అల్లికల రూపాలు బొమ్మల్లోకి వచ్చాయి. పాత్రలు కదలకుండానే గడికి గడికీ వెనుకనున్న కొండ చెట్టవుతుంది, పగలు రాత్రవుతుంది.

హెరిమన్ అనంతరం ఈ స్ట్రిప్‌ను హర్‌స్ట్ మరొకరికి అప్పగించలేదు. ముందే గీసి పంపిన ఆదివారపు పుటల్లో చివరిది 1944 జూన్ 25న వెలువడింది. అందులో ఆఫీసా పప్ నీటిలో మునిగిన క్రేజీని చేతుల్లో ఎత్తుకుని వెళ్తున్నాడు.