హెడ్‌ఫోనులు, వాని వెనుక యాంప్లిఫయరులు

మేలైన హెడ్‌ఫోనుల జతను మొదటిసారి కొనబోయిన గృహస్థునకు దుకాణమున వెంటనే రెండవ ప్రశ్న ఎదురగును: దీనికి యాంప్లిఫయరు ఏది తీసికొందురు? హెడ్‌ఫోనులకే 25, 30 వేల రూపాయలు వెచ్చించిన మనిషి, వానిని పలికించుటకు మరల అంత సొమ్ము పెట్టవలెనా యని జంకును. పెట్టకపోయినచో కొన్నది కూడ వృథా యగునేమో యని మరొక భయము. ఈ రెండు భయముల నడుమనే నేటి వ్యాపారము చాలవరకు సాగుచున్నది.

శ్రోతలకు వింతగా తోచవచ్చును గాని, ఈ ప్రశ్నకు జవాబు ధరల పట్టికలో కంటె చరిత్రలో ఎక్కువగా దొరకును. ఒక హెడ్‌ఫోను పెట్టెమీద 32 ఓములనియు, మరొకదానిపై 300 ఓములనియు, ఇంకొకదానిపై 600 ఓములనియు అచ్చు వేయుదురు. విద్యుత్తునకు లోపలి తీగచుట్ట చూపు అడ్డు ఎంతయో ఆ అంకె చెప్పును. దానినే పుస్తకములలో అవరోధమనియు, రేడియో మరమ్మతు చేయువారు ఇంపెడెన్సు అనియు అందురు. అంకె పెద్దదైనంత మాత్రమున నాదము గొప్పది కాదు. ఆ హెడ్‌ఫోను ఏ యంత్రమునకు తగిలించుటకై పుట్టినదో తెలుపు పుట్టుమచ్చ వంటిది ఆ అంకె.

మొదట యాంప్లిఫయరు అనునదే లేదు. 1881లో పారిస్ నగరమున జరిగిన విద్యుత్ ప్రదర్శనమున క్లెమాన్ ఆదేర్ అను నాతడు సంగీత నాటకశాల నుండి టెలిఫోను తీగలు వేయించి, దూరమున నున్నవారికి పాట వినిపించెను. విన్నవారు రెండు చెవులకు రెండు గొట్టములు ఆనించుకొనిరి. నాటకశాలలోని మైకుల శక్తి తీగవెంట వచ్చినంత మేరకే ధ్వని. దానిని పెంచు సాధనము మధ్యలో ఏదియు లేకుండెను.

తరువాతి ఘట్టము ఇంకను ఆసక్తికరమైనది. అమెరికాలోని యూటా రాష్ట్రమున నెథేనియల్ బాల్డ్విన్ అను నాతడు తన వంటగదిలో కూర్చుండి ఒక హెడ్‌ఫోనును నిర్మించి, 1910లో ఆ దేశపు నౌకాదళమునకు పంపెను. పరీక్షించి చూచిన అధికారులకు అది తాము వాడుచున్న వానికంటె ఎంతయో సున్నితముగా కనబడెను. నూరు కావలెనని అడుగగా, వంటగదిలో ఒక్క పర్యాయమునకు పది కంటె ఎక్కువ చేయలేనని ఆతడు జవాబు వ్రాసెను! ఆ సాధనములో తీగచుట్ట నడుమ నున్న చిన్న ఇనుప రేకు కదలి, ఆ కదలిక ఒక సన్నని కడ్డీ ద్వారా అభ్రకపు పొరకు చేరును. మన గూడూరు గనులకు పేరు తెచ్చిన అభ్రకమే అది. తేలికయై, బిగువు గలదై, చిన్న కదలికకు కూడ పలుకుట దాని గుణము.

అంత సున్నితత్వము ఏల కావలసివచ్చెను? ఆనాటి రేడియోలో శక్తి యంతయు ఏరియలు పట్టిన తరంగము నుండియే రావలెను. బ్యాటరీ లేదు, వాల్వు లేదు. గెలీనా అను సీసపు ఖనిజముపై సన్నని తీగమొన ఆనించిన తరంగములోని ధ్వని వేరుపడును. ఈ ఖనిజముతో తరంగములను పట్టు పద్ధతికి మన జగదీశ చంద్ర బోసు 1901లో దరఖాస్తు చేసి, 1904లో అమెరికా పేటెంటు పొందెను. ఇట్టి స్ఫటిక రేడియోకు తక్కువ ఓముల హెడ్‌ఫోను తగిలించినచో వచ్చు కొద్దిపాటి సంకేతము కుంగిపోవును. అందుచే వెండ్రుక వంటి తీగను వేల చుట్లు చుట్టి, ఒక్కొక్క చెవికి 2000 ఓములు చొప్పున జతకు 4000 ఓములు ఉండునట్లు చేసిరి. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారములు మొదలిడిన కాలమున ప్రపంచమంతటను సామాన్యుని రేడియో యనగా ఇదియే.

లీ డి ఫారెస్టు 1906లో మూడు భాగముల వాల్వును చేసెను. 1912 నాటికి అది సంకేతమును పెంచగలదని తేలెను. ఇక లౌడ్‌స్పీకరు వచ్చి యింటిల్లిపాదికిని వినిపింపసాగెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ఆరంభమగునాటికి హెడ్‌ఫోను ఇండ్లలోనుండి దాదాపుగా తొలగి, స్టూడియోలలోను, తంతి కార్యాలయములలోను, నౌకలపైనను మిగిలెను. అయినను ఆ అజ్ఞాతవాసములోనే దాని రూపము మారెను. 1937లో బెర్లినులో ఓయిగన్ బాయర్ సంస్థ డి.టి. 48 అను హెడ్‌ఫోనును వెలువరించెను. లౌడ్‌స్పీకరులో వలె అయస్కాంతము నడుమ తీగచుట్టయే కదలునట్టిది అది. నేటి హెడ్‌ఫోనులలో అధిక భాగము దాని సంతతియే.

ఇంటికి హెడ్‌ఫోనును తిరిగి తెచ్చినవాడు మిల్వాకీ నగరవాసి జాన్ కాస్. ఆస్పత్రులలో రోగులకు టెలివిజన్లు అద్దెకిచ్చు వ్యాపారము చేసినవాడు, జాజ్ సంగీత ప్రియుడు. 1958లో స్టీరియో గ్రామఫోను రికార్డులు బజారులోనికి వచ్చుచున్న వేళ ఆతడు ఏకాంతముగా వినుటకు ఒక చిన్న రికార్డు ప్లేయరు తయారుచేసి, దానికి తోడుగా ఎస్.పి. 3 అను స్టీరియో హెడ్‌ఫోనులను ప్రదర్శించెను. జనము ప్లేయరును విడిచి హెడ్‌ఫోనుల కొరకే ఎగబడిరి.

నేటి మన తగవునకు మూలము ఇక్కడనే కలదు. హెడ్‌ఫోనుల కొరకై వేరుగా యాంప్లిఫయరు చేయవలెనని ఆనాడు తోచినవారు అరుదు. గదిలోని పెద్ద స్పీకరులను నడుపు యాంప్లిఫయరు నుండియే రెండు తీగలు లాగి, హెడ్‌ఫోను మాడిపోకుండ నడుమ కొన్ని వందల ఓముల నిరోధకమును పెట్టి, ముందు పలకపై ఒక రంధ్రము తొలిచిరి. ఖర్చు కొద్ది పైసలు. ఈ పొదుపు ఏర్పాటే క్రమముగా ఆచారమై, చివరకు 1996లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము వారి ప్రమాణములో హెడ్‌ఫోనుకు 120 ఓముల మూలముండుట తగునని సిఫారసుగా చోటు సంపాదించెను. 1968లో జర్మనీ వారి సెన్‌హైజర్ సంస్థ తెచ్చిన హెచ్.డి. 414 చెవులను మూయక తెరచియుంచిన మొదటి హెడ్‌ఫోను. కోటికి పైగా అమ్ముడుపోయినది. దాని అవరోధము 2000 ఓములు. ముందు 120 ఓములున్నను, అంతకు మించి యున్నను దానికి లెక్కలేదు.

కాని అన్ని హెడ్‌ఫోనులును అట్టివి కావు. 1997 నాటి హెచ్.డి. 600 నేటికిని అభిమానులు మొదటి మేలైన జతగా కొనునట్టిది. పేరునకు 300 ఓములు. మంద్రస్థాయిలో దాని అవరోధము సుమారు 500 ఓముల వరకు లేచును. 120 ఓముల యంత్రమునకు తగిలించినచో, లెక్కవేయగా, మంద్రధ్వని తక్కిన ధ్వనులకంటె సుమారు ఒక డెసిబెలు పెరుగును. మృదంగము ఎడమ మూత కొంచెము ఉబ్బినట్లు వినవచ్చును. కొందరికి అది హాయిగానే యుండును. 32 ఓముల హెడ్‌ఫోనులో అట్టి హెచ్చుతగ్గులున్నచో మార్పు ఒక డెసిబెలుతో ఆగదు. అందువలన యాంప్లిఫయరు అవరోధము హెడ్‌ఫోను అవరోధములో ఎనిమిదవ వంతునకు మించరాదను లెక్క వాడుకలోనికి వచ్చెను. ఈ ఒక్క అంకెను గూర్చి అడిగినచో దుకాణదారులలో పలువురు మౌనము వహింతురు!

యాంప్లిఫయరు విధిగా కావలసిన శాఖ ఒకటి వేరుగా కలదు. జపాను వారి స్టాక్స్ సంస్థ 1960లో ఎస్.ఆర్. 1 అను స్థిరవిద్యుత్ హెడ్‌ఫోనును అమ్మకమునకు తెచ్చెను. అందు తీగచుట్ట లేదు. రెండు జల్లెడల వంటి పలకల నడుమ మిక్కిలి పలుచని పొర నిలిచి, అధిక వోల్టేజీ ఆధారముగా కదలును. ఆ సంస్థ తరువాతి నమూనాలకు 580 వోల్టులు కావలెను. వాని యంత్రము వానికే, మరియొకటి పనికిరాదు. 1991లో సెన్‌హైజర్ వారు ఆర్ఫియస్ అను పేర ఇట్టి హెడ్‌ఫోనును వాల్వు యాంప్లిఫయరుతో కూడ అమ్మిరి. సుమారు 300 సెట్లు మాత్రమే చేసిరి. ఈ దారి పట్టువారికి ఎంపిక చింతయే లేదు, ఉన్న చింత సొమ్మును గూర్చినది.

1979 జూలైలో సోనీ వాక్‌మన్ రాగానే కథ మరొక మలుపు తిరిగెను. చేతిలో పట్టు యంత్రము, రెండు చిన్న బ్యాటరీలు, మొత్తము 3 వోల్టులు. ఇంత తక్కువ వోల్టేజీతో పెద్ద అవరోధము గల హెడ్‌ఫోను గొంతు విప్పదు. కనుక సుమారు 50 గ్రాముల బరువు గల తేలిక హెడ్‌ఫోనులు తక్కువ ఓములతో వచ్చెను. అటు స్టూడియోల సంప్రదాయము, ఇటు జేబుల సంప్రదాయము. రెండును నేటికిని ప్రక్కప్రక్కనే నడచుచున్నవి. బాయర్‌డైనమిక్ సంస్థ డి.టి. 880 అను ఒకే నమూనాను 32, 250, 600 ఓములలో మూడు విధములుగా అమ్ముటకు ఇదియే కారణము.

హెడ్‌ఫోను కొరకే ప్రత్యేకముగా చేసిన యాంప్లిఫయరులు 1990 దశకమున ఒక వ్యాపారముగా నెలకొనెను. 1998 ప్రాంతమున చూ మోయ్ అను అమెరికా అభిమాని 9 వోల్టుల బ్యాటరీతో నడచు ఒక జేబు యాంప్లిఫయరు పటమును ప్రకటింపగా, లోకమంతట కుర్రవారు దానిని పిప్పరమెంటు బిళ్ళల రేకు డబ్బాలలో నిర్మించుకొనిరి. ఇక 2011లో తన అసలు పేరు చెప్పని ఒక రూపకర్త ఆబ్జెక్టివ్ 2 అను యాంప్లిఫయరును, కొలతలన్నిటితో సహా, ఎవరైనను కట్టుకొనుటకు వీలుగా ప్రకటించెను. దాని అవరోధము అర ఓము ప్రాంతము. అంతకు ఎన్నో రెట్లు ధర గల యంత్రముల కొలతలకు అది తీసిపోదని ఆతడు చూపెను. వాదోపవాదములు రేగెను. 2012లో ఆతడు వ్రాయుట మానెను, మరల కనబడలేదు. ఆతని యంత్రము మాత్రము నిలిచినది. తరువాత తక్కువ ధరకు మంచి యాంప్లిఫయరులు దొరకుటకు ఆ రచ్చ కొంత కారణమని నా అభిప్రాయము.

ఇంతకును కొనువాని లెక్క ఏమి? హెచ్.డి. 600 ఒక మిల్లీవాట్టుకు సుమారు 97 డెసిబెళ్ళు పలుకును. సాధారణముగా 75 డెసిబెళ్ళ వద్ద వినువారికి దానికి మిల్లీవాట్టులో నూరవ వంతైనను పట్టదు. సంగీతములో అప్పుడప్పుడు లేచు శిఖరములకు 110 డెసిబెళ్ళ వరకు చోటు విడిచినను 20 మిల్లీవాట్టులు, సుమారు రెండున్నర వోల్టులు చాలును. ఒక వోల్టు ఇచ్చు ఫోను దానిని 102 డెసిబెళ్ళ వరకు తీసికొనిపోగలదు. పాత రికార్డుల నుండి ఎత్తిన కచేరీలు మెల్లగా ఉన్నప్పుడు తప్ప కొరత తెలియదు.

దీనికి ఎదురుగా 2010 నాటి హైఫైమాన్ హెచ్.ఇ. 6 ను చూడుడు. 1976లో యమహా హెచ్.పి. 1 రూపమున తెచ్చిన బల్లపరుపు పొర పద్ధతికి అది పునర్జన్మ. అవరోధము 50 ఓములే. కాని మిల్లీవాట్టుకు పలుకునది 83.5 డెసిబెళ్ళు మాత్రమే. అదే 110 డెసిబెళ్ళకు సుమారు 450 మిల్లీవాట్టులు కావలెను. పై చెప్పిన ఒక వోల్టు ఫోను 96 డెసిబెళ్ళ వద్ద చేతులెత్తివేయును. ఓములు తక్కువ కనుక తేలికగా నడచునను నమ్మిక ఇక్కడ కూలిపోవును. చూడవలసినది ఓములను, సున్నితత్వమును రెంటిని కలిపి. ఈ జాతి హెడ్‌ఫోనులలో అవరోధము స్వరముతోపాటు మారదు గనుక యాంప్లిఫయరు అవరోధము రంగు మార్చదు. కావలసినది ప్రవాహమిచ్చు బలము.

వాల్వుల మెరుపు చూచి మురియువారికి ఒక మాట. వెలుపలి ట్రాన్స్‌ఫార్మరు లేని వాల్వు యాంప్లిఫయరులు సహజముగా ఎక్కువ అవరోధము గలవి. 1950 దశకమున ఫిలిప్స్ వారు అట్టి రేడియోల కొరకై 800 ఓముల స్పీకరులనే ప్రత్యేకముగా చేయవలసివచ్చెను. 300, 600 ఓముల హెడ్‌ఫోనులకు అవి చక్కగా అమరును. 32 ఓములకు గాని బల్లపరుపు పొరలకు గాని తగవు.

రెండు యంత్రములను పోల్చి వినునప్పుడు రెంటి ధ్వనిని సమానముగా చేసి వినవలెను. ఒక డెసిబెలు బిగ్గరగా పలికినదే మేలైనదని చెవి తీర్పు చెప్పును. ఈ రహస్యము అమ్మువానికి తెలిసినంతగా కొనువానికి తెలియదు. యాంప్లిఫయరు బలము పెరిగినకొలది చెవికి చేటు కూడ దగ్గరగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన ప్రమాణము పెద్దలకు 80 డెసిబెళ్ళ వద్ద వారమునకు 40 గంటలను హద్దుగా పెట్టినది. 3 డెసిబెళ్ళు పెరిగిన ప్రతిసారి ఆ గంటలు సగమగును.

హెడ్‌ఫోనును ముందుగా కొని, ఇంటనున్న యంత్రముతోనే ఒక నెల వినుట నా యెరుకలో మంచి పద్ధతి. ఆ నెలలో ధ్వని మీటను చివరివరకు త్రిప్పవలసివచ్చినదా, శిఖరములు పగిలినవా, మంద్రము ఉబ్బినదా అని గమనించినచో యాంప్లిఫయరు కావలెనో లేదో, కావలసినచో దానిలో ఏ గుణము చూడవలెనో దుకాణమునకు పోకమునుపే తెలియును. అప్పుడు అడుగవలసినవి మూడంకెలు: యంత్రపు అవరోధము, మీ హెడ్‌ఫోను ఓములకు అది ఇచ్చు వోల్టులు, మాడకుండ ఇచ్చు మిల్లీవాట్టులు.