ఆంధ్రరాష్ట్రావతరణము – హోసూరు, కృష్ణగిరి తెలుగువారి రాజ్యాంగస్థితి

బహుభాషా రాష్ట్రమునుండి ఒక భాషాజనము వేఱుపడునపుడు రెండు సమస్యలు పుట్టును. భూమిని, ధనమును, ఉద్యోగులను పంచుకొనుట మొదటిది. సరిహద్దునకు ఆవల నిలిచిపోయిన స్వభాషీయుల హక్కులను కాపాడుట రెండవది. మొదటిదానికి శాసనము చాలును. రెండవదానికి చాలదని హోసూరు, కృష్ణగిరి సీమల చరిత్ర తెలుపుచున్నది.

ఈ సీమలను ఒకచోట చేర్చినది భాష గాదు, యుద్ధము. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధివలన కృష్ణగిరితోఁగూడిన బారామహల్, 1799లో టిప్పు సుల్తాను పతనానంతరము హోసూరు ఈస్టిండియా కంపెనీ వశమై సేలం జిల్లాలో చేరినవి. తెలుగు, కన్నడము, తమిళము కలసి వసించిన ఈ సీమలో, మద్రాసు రాష్ట్రము బహుభాషామయమై యున్నంతకాలము తెలుగువారికి 'అల్పసంఖ్యాకులు' అను పేరుతో పనిలేకుండెను.

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగము చేసెను. నాలుగు దినములకు ప్రధాని నెహ్రూ, మద్రాసు నగరమును మినహాయించి, వివాదరహితమైన తెలుగు ప్రాంతములతో ఆంధ్రరాష్ట్ర మేర్పడునని ప్రకటించెను. రాజ్యాంగము 3వ అధికరణము ననుసరించి రాష్ట్రపతి రాష్ట్ర శాసనసభ అభిప్రాయమును కోరవలయునే కాని, సమ్మతిని పొందనక్కఱలేదు. 1959లో బాబూలాల్ పరాటే వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ యర్థమునే స్థిరపఱచెను. సరిహద్దు గ్రామముల ప్రజల సమ్మతి మాట ఆ అధికరణమున లేనేలేదు.

శాసనసభాస్థానములు, ఆస్తులు, అప్పులు, న్యాయస్థానము – అన్నింటికిని 1953 నాటి ఆంధ్రరాష్ట్ర శాసనము ఏర్పాటు చేసెను. అక్టోబరు 1న నూతన రాష్ట్ర మవతరించెను. హోసూరు చెంతనున్న తొరపల్లిలో జన్మించిన రాజగోపాలాచారి నాడు మద్రాసు ముఖ్యమంత్రి. ఆయన పుట్టిన సీమ ఆంధ్రమునకు వెలుపలనే నిలిచెను.

అనంతరము సరిహద్దు వివాదమును పరిశీలించిన పటాస్కర్ గ్రామమును ప్రమాణముగఁ గైకొని, భాషాధిక్యమును, భూభాగముల యెడతెగని కలయికను ఆధారము చేసికొనెను. తత్ఫలితముగ 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసునకును, చెంగల్పట్టు, సేలం జిల్లాల గ్రామములు కొన్ని ఆంధ్రప్రదేశమునకును చేరినవి. హోసూరు, కృష్ణగిరి పట్టణములు మద్రాసునందే యుండెను. ఇతర భాషల గ్రామముల నడుమ చెదరియున్న తెలుగు గ్రామమునకు ఈ సూత్రమున మార్గము లేదు. సరిహద్దును ఎచ్చట గీచినను కొందఱు ఆవల మిగులక తప్పదు.

అట్టివారికొఱకే 1956లో ఏడవ సవరణ 350ఎ, 350బి అధికరణములను చేర్చెను. ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప ప్రతి రాష్ట్రము యత్నింపవలయునని మొదటిది చెప్పును. రాష్ట్రపతి ఆదేశము లీయవచ్చును. రెండవది ప్రత్యేకాధికారిని నియమించును. అతఁడు విచారించి నివేదించును, ఆజ్ఞాపింపఁజాలఁడు. కావున రక్షణభారము చివరకు ఆ రాష్ట్ర ప్రభుత్వముమీఁదనే నిలుచును.

2006 నాటి తమిళ అభ్యసన శాసనము ఒకటవ తరగతి మొదలుకొని పదవ తరగతివఱకు తమిళమును క్రమముగ నిర్బంధము చేసెను. రాష్ట్రభాష నేర్చుట పౌరునకు మేలే; కాని తమిళ పరీక్షనుండి మినహాయింపునకై అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానముల నాశ్రయింపవలసివచ్చెను. 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన మినహాయింపును ఒక్క సంవత్సరమునకే.

ఆస్తుల పంపకము ఒక్క శాసనముతో ముగియును. భాషాహక్కు అట్లు ముగియదు. ప్రతి సంవత్సరము పాఠశాలలో చేరు బాలునితో అది మరల మొదలగును. ఉపాధ్యాయుఁడు, పుస్తకము, పరీక్ష – ఈ మూఁడును ఉన్నప్పుడే 350ఎ అధికరణము హోసూరులో జీవించియున్నట్లు.