గీత ఏ వైపు పడింది?

శంషాబాద్ దగ్గర ఒక చిన్న లైబ్రరీలో మొన్న రెండు అట్టపెట్టెల పాత తెలుగు సినిమా వీసీడీలు చూశాను. చాలావరకు మోజర్ బేయర్‌వి. 2007లో ఆ కంపెనీ వీసీడీని 28 రూపాయలకి అమ్మడం మొదలుపెట్టింది. మరుసటేడు మార్చిలో ఇక్కడ విమానాశ్రయం తెరిచారు. 2018లో కంపెనీ లిక్విడేషన్‌కి వెళ్లింది. పాడైన డిస్కుకి బదులు కొత్తది అడగడానికి ఎవరూ లేరు, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలి.

మెరిసే వైపు గీతలంటే మనకి భయం. నిజానికి అటు ఒక మిల్లీమీటరు పైగా పాలికార్బనేట్ అడ్డం ఉంది, దాన్ని పాలిష్ చేయొచ్చు. (టూత్‌పేస్ట్ వైద్యం మా హాస్టల్లో అందరం చేశాం.) పైగా 1960లో రీడ్, సాలమన్ కనిపెట్టిన కోడ్ పుణ్యమా అని, ట్రాక్ వెంట రెండున్నర మిల్లీమీటర్ల దాకా చెరిగినా ప్లేయర్ లెక్కగట్టి రాబట్టుకుంటుంది. గుండ్రంగా తుడిస్తే గీత ట్రాక్ వెంటే సాగి ఆ లెక్క కుదరదు. అందుకే మధ్య నుంచి అంచుకి తుడవాలి.

అసలు సినిమా ఉండేది లేబుల్ కిందే, పలచటి పూత చాటున. ఈ డిస్కుల లేబుళ్ల మీద ఎవరో బాల్‌పెన్‌తో గట్టిగా నంబర్లు రాశారు. ఒకటి ఎత్తి చూస్తే అంకెల్లోంచి ట్యూబ్‌లైటు కనిపించింది. దానికి పాలిష్ లేదు.