రుద్రమ నుంచి రాత్రి షిఫ్టు దాకా

కూతురికి ఓరుగల్లు సింహాసనం అప్పగించాలనుకున్న గణపతిదేవుడు ఆమెకు మగపేరు కూడా ఇవ్వాల్సి వచ్చింది. 13వ శతాబ్దపు శాసనాల్లో రుద్రమదేవి రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. పాలించే సత్తా ఆమెకు ఉంది. చీర కట్టుకుని పాలించడమే కొందరికి మింగుడు పడలేదు.

ఆడపిల్లల చదువుకు దారులు తెరుచుకోవడానికి శతాబ్దాలు పట్టింది. 1874లో ధవళేశ్వరంలో వీరేశలింగం బాలికల బడి, 1924లో హైదరాబాద్‌లో మహిళా కళాశాల వచ్చాయి. 1986లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇస్తూ చట్టం చేసింది. దేశమంతటికీ ఆ హక్కు దక్కింది 2005లోనే. ఇంజినీరింగ్ సీట్లలో మూడోవంతు ఆడపిల్లలకు కేటాయించడం దానికి తోడైంది. 1998 నవంబర్‌లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తలుపులు తెరిచేనాటికి కొలువుకు సిద్ధమైన అమ్మాయిలు మన జిల్లాల్లో ఉన్నారంటే, ఆ ఘనతలో ఆ సీట్లు కేటాయించిన ఎంసెట్ కౌన్సెలింగ్‌కూ వాటా ఉంది. హైటెక్ సిటీ చరిత్ర చెప్పేవాళ్లు గాజు మేడల గురించే మాట్లాడతారు గానీ దీన్ని తలవరు.

అయితే రాత్రి షిఫ్టుకు చట్టాలు అడ్డుగా ఉండేవి. ఫ్యాక్టరీల చట్టం 1948 నుంచీ రాత్రి 7 దాటితే స్త్రీలను పనిలో ఉంచొద్దంది. దుకాణాలు, సంస్థల చట్టంలోనూ అలాంటి ఆంక్షే. రవాణా, భద్రత చూసుకోవాలనే షరతుతో ప్రభుత్వం ఐటీకి సడలింపు ఇచ్చింది. అలా మాదాపూర్, గచ్చిబౌలి రోడ్ల మీదికి కంపెనీ క్యాబులొచ్చాయి. కానీ 2013 అక్టోబర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని క్యాబ్‌లో అపహరించి అత్యాచారం చేశాక, ఆఫీసు గేటు బయట భద్రత ఎంతో ఊరికంతా తెలిసింది. 2014 అక్టోబర్ 24న మహిళల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ మొదలయ్యాయి.

ఇదంతా అవసరమే. అయితే రక్షణనే సమానత్వం అనుకుని సరిపెట్టుకున్నాం.

అరవైకి పైగా సమాజాల్లో నాయకత్వాన్ని పరిశీలించిన ‘గ్లోబ్’ అధ్యయనం స్త్రీపురుష సమానత్వాన్ని ఒక సాంస్కృతిక కొలతగా తీసుకుని రెండు ప్రశ్నలు వేసింది: ఎలా ఉంది, ఎలా ఉండాలి? మన దేశంలో ఆ రెంటికీ మధ్య దూరం ఎక్కువే. హైదరాబాద్ ఐటీ ప్రాంతమైన సైబరాబాద్‌లో ఆ దూరం ముప్పై ఏళ్ల వయసు దగ్గర బయటపడుతుంది. పెళ్లి సంబంధాల్లో సాఫ్ట్‌వేర్ కోడలికి గిరాకీ ఉంటుంది, కాన్పయ్యాక మాత్రం ఉద్యోగం మానేయమనే సలహా మొదట ఆమెకే. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో ప్రసూతి సెలవు 12 నుంచి 26 వారాలకు పెరిగింది. ప్రైవేటు ఉద్యోగంలో ఉన్న తండ్రికి మాత్రం ఆ చట్టం ఒక్కరోజూ ఇవ్వలేదు. పిల్లల బాధ్యత ఎవరిదో చట్టమే తేల్చేసినట్టయింది.

ఎంతమంది మహిళలను చేర్చుకున్నామో కంపెనీలు ఏటా గొప్పగా చెప్పుకుంటాయి. కాన్పు సెలవు తర్వాత తిరిగొచ్చిన వారిలో ఎంతమందిని మేనేజర్లను చేశాయో, ఇకపై ఆ లెక్క కూడా ప్రకటించాలి.