గుడ్డ మారితే మిషను మొరాయిస్తుంది

పల్లెల్లో దర్జీ 'మిషను మొరాయిస్తోంది' అన్నాడంటే చాలాసార్లు చెడింది మిషను కాదు. సూది పాతదే, దారం పాతదే. కుట్టాల్సిన గుడ్డే కొత్తది. తెలంగాణలోని టేకుమట్ల లాంటి చోట కుట్టుపని చరిత్రను ఈ మొరాయింపుల వెంటే చెప్పుకోవచ్చు.

టేకుమట్ల 2016 అక్టోబరులో భూపాలపల్లి జిల్లాతో పాటే మండలమైంది. అంతకుముందు అదంతా వరంగల్ జిల్లా. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కొడుకు ఆజం జా పేరుతో 1934లో వరంగల్‌లో బట్టల మిల్లు వెలిసింది. నూలు గుడ్డ, నూలు దారం. ఆ జోడీతో మేర కులపు దర్జీల మిషన్లకు పెద్దగా పేచీ ఉండేది కాదు.

పైదారం, కిందిదారం పెనవేసుకునే కుట్టుకు అమెరికాలో 1846లో ఎలియాస్ హోవ్, మెరుగుపెట్టిన మిషనుకు 1851లో ఐజాక్ సింగర్ పేటెంట్లు తీసుకున్నారు. స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీ నుంచి సింగర్లు మన దేశానికి దిగాయి, వాయిదాల మీద అమ్ముడయ్యాయి. యంత్రాలంటే పడని గాంధీ కూడా 1924లో సింగర్‌కు మినహాయింపు ఇచ్చాడు. 1930ల్లో కలకత్తాలో ఉషా మిషన్లు మొదలయ్యాయి.

పేరేదైనా లోపలి కీలకం ఒకటే. సూది అడుగుదాకా దిగి, రెండు మిల్లీమీటర్లు పైకి లేచేసరికి దాని పక్కన దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణాన కిందిదారం మోసే షటిల్ మొన వచ్చి ఉచ్చును అందుకోవాలి. అందలేదా, కుట్టు తప్పినట్టే. సూది రవ్వంత వంగినా, తిప్పి బిగించినా అందదు.

1960ల తర్వాత టెర్లిన్, టెరీకాటన్ చొక్కాల మోజు వచ్చింది. కాలితో తొక్కినంతకాలం బండి నడిచింది కానీ, మోటారు బిగించాక ఆ వేగానికి సూది కాగడం మొదలైంది. ఈ గుడ్డల్లోని పాలిస్టరు సుమారు 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఆ కరిగింది సూది కన్నానికి అంటుకుంటే దారం పుటుక్కున తెగుతుంది. దర్జీ మాత్రం దారం రీలును తిట్టుకుంటాడు!

జీన్స్ వచ్చాక తిప్పలు ఇంకో రకం. ప్యాంటు అడుగు మడిచేచోట, పక్క కుట్టు దగ్గర, గుడ్డ ఆరేడు పొరలవుతుంది. ఆ గుట్ట ఎక్కేటప్పుడు గుడ్డను నొక్కిపట్టే ఫుట్టు ముందుభాగం పైకి లేస్తుంది, గుడ్డ సూదితో పాటే ఎగురుతుంది, ఉచ్చు ఏర్పడదు. 14 నంబరు సూదిని 18కి మార్చి, ఫుట్టు వెనక మడిచిన గుడ్డముక్క పెట్టి ఎత్తు సమం చేస్తే సగం గొడవ తీరుతుంది. అంతే గానీ షటిల్ టైమింగు మీద చెయ్యి వేయడం ఆఖరి పని. కొత్తగా నేర్చినవాళ్లు దానితోనే మొదలుపెట్టి ఉన్న మిషనును పాడుచేస్తారు.

ఇంకో పొరపాటు ఎక్కడ చూసినా ఉంటుంది. గుడ్డ అడుగున దారం గుత్తులు కట్టగానే కిందిదారం ఉండే బాబిన్ కేసు స్క్రూ బిగిస్తారు. తప్పు సాధారణంగా పైన ఉంటుంది. ఫుట్టు దించి దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్లల మధ్యకు దిగదు. ఫుట్టు ఎత్తి మళ్లీ ఎక్కిస్తే చాలు.

చెప్పులు, తోలు సంచులు కుట్టేవాళ్లది వేరే మిషను. సింగర్ 29కె రకంలో ఫుట్టు చుట్టూ తిరుగుతుంది, కాబట్టి చెప్పును తిప్పే పని లేదు. వడ్ల బస్తాలది ఇంకో దారి. ఒకప్పుడు దబ్బనం, సుతిలి. ఇప్పుడు చేత్తో పట్టుకునే బస్తా కుట్టే మిషను. ఇందులో బాబినే లేదు, ఒక దారంతో గొలుసుకుట్టు వేస్తుంది. అందుకే దాని రోగాలూ వేరు. గోనెపీచు, వడ్ల దుమ్ము కొక్కెం దగ్గర పేరుకుంటే కుట్టు విడిపోతుంది. అసలు విడిపోవడం ఆ కుట్టు గుణమే. యూరియా బస్తా విప్పే రైతుకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు: సరైన కొస దొరికితే మూతి సర్రున ఊడుతుంది, రెండో కొస లాగితే ఇక కొడవలే గతి.