కూర్పునకు క్రమమే వేగము

తెలుగు చలనచిత్రముల పేర్లపట్టికలలో ఎడిటింగు అను పనికి ‘కూర్పు’ అను మాట వాడుకలో నున్నది. హాలీవుడ్డులో ఆ పని చేయువానిని చాలకాలము ‘కట్టరు’, అనగా కోయువాడు, అని పిలిచిరి. మనవారి మాటయే పనికి దగ్గరగా నున్నది. కోయుట క్షణములో ముగియును. ఏ ముక్క ఎక్కడ నున్నదో ఎరిగి, దానిని దేని సరసన చేర్చవలెనో తేల్చుటకే కాలము పట్టును. నేడు కంప్యూటరుపై వీడియోను కూర్చువారు పని త్వరగా ముగియుటకు మరింత శక్తిగల యంత్రము కొనవలెనా యని అడుగుచుందురు. నూరేండ్ల చరిత్ర ఆ ప్రశ్నకు వేరొక సమాధానము చెప్పుచున్నది.

మూకీ చిత్రముల తొలినాళ్లలో కూర్పరి ఫిల్మును వెలుతురునకు ఎదురుగా పట్టి చూచి కత్తెరతో కోసెడివాడు. ఇవాన్ సెరూరియర్ 1917లో ఇంట చిత్రములు చూచుటకై నిర్మించిన మూవియోలా, 1924లో కూర్పు యంత్రముగా మారి డగ్లస్ ఫేర్‌బ్యాంక్స్ స్టూడియోలో ప్రవేశించినది. చిన్న కటకము గుండ చూచుచు ఫిల్మును ముందునకు వెనుకకు నడిపి, కోయవలసిన చోట ఆపుట దానితో సాధ్యమైనది.

అయినను యంత్ర మొక్కటియే చాలలేదు. మాటలతో కూడిన చిత్రము సెకనునకు 24 ఫ్రేముల చొప్పున, అనగా నిమిషమునకు 90 అడుగుల చొప్పున నడచును. కోసిన ముక్కలు వందలకొలది ఎదుట వ్రేలాడుచుండగా, కావలసిన దానిని గుర్తించు టెట్లు? ఫిల్ము అంచున అడుగడుగునకు ముద్రించిన వరుససంఖ్యయు, చిత్రీకరణవేళ క్లాపుబోర్డుపై వ్రాసిన అంకెలును ఆ చిక్కును విడదీసినవి. ఆ సంఖ్యలను పుస్తకములో ఎక్కించుట సహాయకుని నిత్యకృత్యమైనది.

ఈ పని ఎంతటిదో 1979లో విడుదలయిన ‘అపోకలిప్స్ నౌ’ తెలుపును. ఆ చిత్రమునకై 12,50,000 అడుగుల ఫిల్ము, అనగా 230 గంటలకు పైబడిన దృశ్యము సిద్ధమైనది. తెరకెక్కినది సుమారు రెండు గంటల ఇరువదియైదు నిమిషములు మాత్రమే. దాని కూర్పరులలో ఒకరైన వాల్టర్ మర్చ్ ఒక లెక్క కట్టెను: చేరవలసిన రూపము ముందే తెలిసియున్నచో ఒక్కొక్క కూర్పరి రోజునకు ఒకటిన్నర అతుకుకంటె తక్కువ వేసినను అదే కాలములో పని ముగిసెడిది! మిగిలిన కాలమంతయు చూచుటలో, పరీక్షించుటలో, త్రోసిపుచ్చుటలో గడచినది.

1956లో ఆంపెక్స్ సంస్థ వీడియో టేపు యంత్రమును ప్రదర్శించినప్పుడు కొత్త చిక్కు వచ్చినది. టేపుపై బొమ్మ కంటికి కనబడదు. ఇనుపరజను కలిపిన ద్రవమును పూసి, సూక్ష్మదర్శినితో గీతలను చూచి, బ్లేడుతో కోయవలసివచ్చెను. 1967లో రూపొందిన టైమ్ కోడ్ ఈ కష్టమును తీర్చినది. గంట, నిమిషము, సెకను, ఫ్రేము అను నాలుగింటికి రెండేసి అంకెలు చేర్చి ప్రతి ఫ్రేమునకు చిరునామా ఇచ్చుటయే దీని మర్మము.

ఆ చిరునామాయే కంప్యూటరు కూర్పునకు పునాది. 1971లో సీఎమ్ఎక్స్ సంస్థ తెచ్చిన యంత్రములో తక్కువ నాణ్యతగల నలుపుతెలుపు బొమ్మలపై నిర్ణయములు చేసి, ఏ టేపులో ఏ అంకె మొదలు ఏ అంకె వరకు తీసికొనవలెనో పట్టికగా వ్రాసికొనెడివారు. ఆ పట్టికను అనుసరించి అసలు టేపును కూర్చెడివారు. తేలికపాటి నకలుపై పనిచేసి, తుదకు అసలును చేర్చు నేటి ‘ప్రాక్సీ’ పద్ధతి దాని వారసత్వమే. 1989లో ఎవిడ్ సంస్థ మాకింతోష్ కంప్యూటరుపై నడచు పరికరమును ప్రదర్శించెను. అందులో ఏ దృశ్యమైనను మీట నొక్కిన వెంటనే ఎదుట నిలిచెడిది.

ఈ వేగములో ఒక నష్టము కలదని మర్చ్ గుర్తించెను. రీలు త్రిప్పునప్పుడు వెదకినది కాక, వెదకనిదియు కంటబడి కొత్త ఆలోచన నిచ్చెడిది. కంప్యూటరు అడిగినదానినే చూపును. ఆయన ప్రతి దృశ్యమునుండి కొన్ని నిశ్చలచిత్రములు తీయించి, గోడబల్లలపై వరుసగా గ్రుచ్చి పెట్టుకొనెడివాడు. ఎవిడ్‌పై ఆయన ముగించిన ‘ది ఇంగ్లీష్ పేషెంట్’ 1997లో కూర్పునకు ఆస్కారు పొందినది. డిజిటల్ పద్ధతిన కూర్చిన చిత్రమున కది తొలిసారి.

క్రమము లేనిచో కలుగు ఆపదకును ఉదాహరణ కలదు. 1998లో పిక్సార్ స్టూడియోలో ఒక తప్పుడు ఆజ్ఞవలన ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లలో అధికభాగము చెరిగిపోయెను. భద్రపరచితి మనుకొన్న నకలు పనికిరాలేదు. పసిబిడ్డ కారణముగా ఇంటినుండి పనిచేయుచున్న సాంకేతిక పర్యవేక్షకురాలి కంప్యూటరులోని ప్రతియే ఆ చిత్రమును కాపాడినది.

ధ్వనిని కూర్చి ప్రసారము చేయు మాకు ఈ చరిత్ర పరాయిది కాదు. పేరులేని టేపు ఎంత మధురమైన కంఠమును దాచుకొన్నను, వినిపింపవలసిన వేళ చేతికి రాదు. నేడు ప్రతి ఇంట చేతిఫోను ఒక చిన్న స్టూడియో. పెండ్లి, నామకరణము, అమ్మమ్మ పాడిన మంగళహారతి, అన్నియు అందులోనే కలవు. కాని అవి ఉట్టి అంకెల పేర్లతో నున్నవి. తీసిన నాడే తేదీ, ఊరు, మనిషి పేరు చేర్చి ఫైలునకు పేరు పెట్టవలెను. అసలును తాకక నకలుపై పనిచేయవలెను. మరొక ప్రతిని వేరొక ఇంట ఉంచి, అది తెరచుకొనుచున్నదో లేదో అప్పుడప్పుడు చూచుకొనవలెను. కూర్పునకు ముందు అంతయు ఒకమారు చూచి, నచ్చిన చోట్ల నిమిషము, సెకను కాగితముపై వ్రాసికొనవలెను. ఇందుకు పట్టునది ఒక సాయంకాలము. ఇది చేయనిచో, పదేండ్ల తరువాత అమ్మమ్మ గొంతుకై వేలకొలది అంకెల నడుమ వెదకవలసివచ్చును.