అమ్మ ఎప్పుడు సవతి తల్లి అయింది?

సెలవులకి వచ్చిన మా అమ్మాయి వెళ్తూ వెళ్తూ మంచం మీద ఒక ఇంగ్లీషు నవల వదిలేసింది. పేరు ‘ది హేజెల్ వుడ్’. రాసినావిడ మెలిస్సా ఆల్బర్ట్, అమెరికాలో 2018లో వచ్చింది. పదిహేను, పద్దెనిమిదేళ్ళ పిల్లల కోసం రాసినదట. మధ్యాహ్నం నడుం వాలుస్తూ నాలుగు పేజీలు చూద్దామని తీశాను. ఆ రాత్రి మా ఇంట్లో ఉప్మాతోనే సరిపెట్టాల్సి వచ్చింది.

ఆలిస్‌కి పదిహేడేళ్ళు. వాళ్ళమ్మ ఎల్లా. ఎక్కడ కాపురం పెట్టినా ఏదో అరిష్టం వెంటపడుతుంటే తల్లీకూతుళ్ళు ఊళ్ళు మారుతూ బతుకుతుంటారు. అమ్మమ్మ ఎప్పుడో ఒకే ఒక్క కథల పుస్తకం రాసింది, అన్నీ ఒళ్ళు జలదరించే కథలు. ఆ కథల్లోని మనుషులు నేటి న్యూయార్క్ వీధుల్లో తిరగడం మొదలుపెడతారు. ఒకరోజు ఎల్లాని ఎత్తుకుపోతారు. కూతురు అమ్మని వెతుక్కుంటూ బయల్దేరుతుంది.

పిల్లల పుస్తకంలో ఇంత చీకటేమిటి అనుకున్నాను ముందు. తర్వాత గుర్తొచ్చింది, మనం పిల్లలకి ముద్దుముద్దుగా చెప్పే స్నో వైట్, రపుంజెల్ కథలు మొదట్లో ఎలా ఉండేవో.

జర్మనీలో జాకబ్, విల్‌హెల్మ్ గ్రిమ్ అనే అన్నదమ్ములు ఈ కథల్ని పోగుచేసి మొదటి సంపుటం అచ్చువేసింది 1812లో. అప్పటికి ఒకరికి 27, ఇంకొకరికి 26 ఏళ్ళు. పల్లెలు పట్టుకు తిరిగి ముసలి రైతుల నోట విన్నారని మనం ఊహించుకుంటాం కానీ, కథలు చెప్పినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, అందులోనూ చదువుకున్న ఇళ్ళ అమ్మాయిలు. కాసెల్ ఊళ్ళో మందుల దుకాణం నడిపే వైల్డ్ గారింటి పిల్లలు, హసెన్‌ఫ్లుగ్ గారింటి అక్కచెల్లెళ్ళు. వైల్డ్ వాళ్ళమ్మాయి డార్ట్‌హెన్‌ని విల్‌హెల్మ్ 1825లో పెళ్ళి చేసుకున్నాడు కూడా. డొరొతెయా వీమన్ అని ఒక దర్జీ భార్య, ఊళ్ళో కూరగాయలు అమ్ముకునే ఆవిడ, కథ మీద కథ చెప్పేదట. నోళ్ళు ఆడవాళ్ళవి, కలం మగవాళ్ళది.

ఆ 1812 పుస్తకంలో స్నో వైట్‌ని చంపించి, కాలేయం, ఊపిరితిత్తులు తెమ్మన్నది ఎవరో తెలుసా? సవతి తల్లి కాదు. కన్నతల్లే! కిటికీ దగ్గర కూర్చుని సూది గుచ్చుకుంటే కారిన నెత్తురు చూసి, ఇంత ఎర్రగా, మంచంత తెల్లగా ఉండే పాప కావాలని కోరుకున్న ఆ అమ్మే. ఏడేళ్ళ కూతురు తనకంటే అందంగా ఉందన్న మాట తట్టుకోలేకపోయింది. 1819లో వచ్చిన రెండో కూర్పులో ఆ తల్లి బిడ్డని కనగానే చనిపోయింది, ఆమె చోట్లో సవతి తల్లి వచ్చి కూర్చుంది. హాన్సెల్, గ్రెటెల్ కథలోనూ అంతే. కరువులో తిండి చాలక పిల్లల్ని అడవిలో వదిలేద్దామన్నది మొదట సొంత అమ్మే. 1840 నాటి కూర్పుకి ఆవిడా సవతి తల్లి అయిపోయింది.

ఎందుకు మార్చారు? మొదట్లో అన్నదమ్ములు వేసింది పండితుల పుస్తకం, వెనకాల బోలెడు వివరణలతో. పిల్లలకి చదివి వినిపించేవాళ్ళు కొనడం మొదలుపెట్టాక ఇది పిల్లలకి తగదని విమర్శలొచ్చాయి. కన్నతల్లి పవిత్రంగా ఉండాలి కదా మరి. వాళ్ళమ్మ 1808లో పోయింది, పుస్తకానికి నాలుగేళ్ళ ముందు. ఆ దిగులు కూడా పనిచేసిందేమో అని నాకనిపిస్తుంది, ఇది నా ఊహ మాత్రమే.

దిద్దడంలోనూ వాళ్ళ లెక్క చూడండి. మొదటి కూర్పులో రపుంజెల్ నా బట్టలు ఎందుకో బిగుతవుతున్నాయి అని అమాయకంగా అడిగితే ముసలిదానికి విషయం అర్థమవుతుంది. పిల్ల నీళ్ళోసుకుందన్నమాట. ఆ వాక్యం తీసేశారు. అదే చేత్తో, సిండరెల్లా అక్కల కళ్ళు పావురాలు పొడిచేసే ముక్క 1819లో కొత్తగా చేర్చారు! కడుపు సంగతి ఆడపిల్లలు వినకూడదు, కళ్ళు పీకడం వినొచ్చు. ఈ లెక్క నాకు కొత్తగా అనిపించలేదు. మా స్కూల్లో సైన్సు పుస్తకంలో ఒక పాఠం టీచరమ్మ ఇంట్లో చదువుకోండి అని దాటేసేవారు, మార్కులు తక్కువొస్తే బెత్తం మాత్రం అందరి ముందే.

మన దగ్గర ధ్రువుణ్ణి తండ్రి ఒళ్ళోంచి తోసిన సురుచి మొదటినుంచీ సవతి తల్లే. అందుకే పక్క దేశాల్లో ఒకప్పుడు వేరేలా ఉండేదంటే ఇంత ఆశ్చర్యపోయానేమో. ఆ రోజుల్లో పురుడు పోసుకుంటూ తల్లులు పోవడం, ఇంటికి రెండో ఆవిడ రావడం జర్మనీలోనూ మామూలే. అచ్చైన ఆ ఒక్క మార్పుతో ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది మీద అనుమానం వచ్చి పడిందో.

మళ్ళీ నవల దగ్గరికి వస్తాను. ఇక్కడ అసలు గుట్టు చెప్పేస్తున్నా, చదవాలనుకునేవాళ్ళు ఈ పేరా వదిలేయండి. ఎల్లా ఆలిస్‌ని కనలేదు. అమ్మమ్మ కథల లోకంలో పుట్టిన పసిబిడ్డని, కథలో రాసిపెట్టిన క్రూరమైన బతుకు బతక్కుండా దొంగిలించి తెచ్చి పెంచుకుంది. ఊళ్ళు మారిందీ, అరిష్టాలు మోసిందీ అందుకే. రెండొందల ఏళ్ళ క్రితం ఇద్దరు మగపిల్లలు కన్నతల్లిని కాపాడ్డానికి కనని తల్లి మీద నేరం వేస్తే, ఈవిడ కనని తల్లి చేతికే బిడ్డని ఇచ్చింది. పుస్తకంలో ఈ చోట నేను కాసేపు ఆగిపోయాను.

మా పుట్టింటి వీధిలో ఒక పిన్నిగారు ఉండేవారు. ఆయనకి రెండో పెళ్ళి, ఇంట్లో మూడేళ్ళ పాప. ఆ పాపకి జడ గట్టిగా వేసినా వీధంతా చూసేది, వదులుగా వేసినా చూసేది. మేం పిల్లలం కూడా, స్నో వైట్ కథ విన్న రోజు, ఆవిడ ఇంట్లో అద్దం ఎక్కడుందో చూడాలని గుమ్మం దాకా వెళ్ళాం. లోపలికి పిలిచి మరమరాల ఉండలు పెట్టింది. మేం తినకుండా గౌను జేబుల్లో దాచుకుని బయటికొచ్చి పారేశాం.

ఆ పాపకి ఇప్పుడు పెళ్ళీడు కూతురుంది. పిన్నిగారిని అమ్మా అనే పిలుస్తుంది. ఆమధ్య ఊరెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చున్న పెద్దావిడ ఒకరు, సవతి తల్లి అయినా బాగానే చూసిందమ్మా, అన్నారు మెచ్చుకోలుగా. పిన్నిగారు పక్కనే ఉన్నారు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు.